గింటీల మూల

మా ఊనా అత్త ప్లాస్టిక్ గొట్టంలో ఉమ్మిన రోజునే నాకు నిద్ర చెడింది.

ఎనభై నాలుగేళ్ల మనిషి. వంటింటి బల్ల ముందు కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, గొట్టం మీద గీత వరకూ నింపడానికి పొద్దుటి నుంచీ తంటాలు పడింది. నోరు ఎండిపోయిందిరా, ఒక నిమ్మబిళ్ల ఇవ్వు అంది. ఏమీ తినకూడదని డబ్బా మీదే రాసి ఉంది కదా అన్నాను.

"తిననురా. ఎదురుగా పెట్టుకుని చూస్తూ కూర్చుంటాను. నోరు దానంతటదే ఊరుతుంది."

నిజంగానే ఊరింది. ఉమ్మిని బట్టి రక్తసంబంధాలు తేల్చే కంపెనీకి ఆ గొట్టాన్ని తీసుకెళ్లి పోస్టులో వేసింది నేనే.

ఊనా మా నాన్న చెల్లెలు. నలభై ఏళ్లు ఇంగ్లండులో ఆసుపత్రి వంటగదిలో గిన్నెలు తోమి, మోకాళ్లు అరిగాక సముద్రం ఇవతల మా పల్లె గోర్టబ్రాక్‌కి తిరిగొచ్చి నా దగ్గర ఉంటోంది. ఆ చలికాలం చర్చి హాల్లో ముసలివాళ్లకి కంప్యూటరు నేర్పుతామంటే, అక్కడ హీటరు బాగుంటుందని వెళ్లింది. వెళ్లింది వెళ్లినట్టు రాలేదు. చంకలో ట్యాబ్‌తో వచ్చింది. అప్పటి నుంచి పాత జనాభా లెక్కలు, చర్చిలో జ్ఞానస్నానాల పుస్తకాలు, ఓడలెక్కిన వాళ్ల పేర్లు, అన్నీ ఆ పలకలోకి దిగాయి. నేను గొర్రెల దగ్గర నుంచి తడిసి వచ్చి కూర్చుంటే పళ్లెంలో బంగాళాదుంపలతో పాటు చచ్చినవాళ్లని కూడా వడ్డించేది. ఈ పొయ్యి పక్కనే ఎనిమిది మంది పుట్టార్రా కోల్మన్, ముగ్గురికి ఏడాది నిండలేదు అనేది. చచ్చినవాళ్లు పొయ్యిలోకి టర్ఫ్ మట్టిగడ్డలు కోసి ఎండబెట్టడానికి రారు కదా అత్తా అనేవాణ్ణి నేను. పద్నాలుగో ఏట నాన్న పోయి, బడి మానేసి, ఈ నలభై ఎకరాల బురద మెడకి తగిలించుకున్నవాణ్ణి. నాకు చదువు వచ్చినంత వరకూ గొర్రె చెవి మీద నంబరు చదవడానికే పనికొచ్చింది.

ఏప్రిల్‌లో ఆ ఉమ్మి ఫలితం వచ్చింది. ఆస్ట్రేలియాలో, చెరుకు పండే దేశంలో, వెర్నా అనే ఆవిడ మాకు చుట్టమని తేలింది. మా తాతకి ఒక మేనత్త ఉండేది, హనోరా అని. పదిహేడో ఏట ఓడ ఎక్కింది. ఎక్కే ముందు రాత్రి ఇంట్లో బతికున్న పిల్లకే శవ జాగారం చేశారట. మా వైపు అప్పట్లో అదే మర్యాద, వెళ్లినవాళ్లు మళ్లీ కనబడరు గనక. హనోరా సంగతి ఆ తర్వాత ఎవరికీ తెలియలేదు. మా తాత పోయే ముందు కూడా ఆవిడ పేరెత్తాడని, ఆయన కూతురిగా తాను ఆ ఆచూకీ తీయకుండా చావనని ఊనా అనేది.

ఇప్పుడు ఆచూకీ దొరికింది. వెర్నా ఆ హనోరాకి మునిమనవరాలు. ట్యాబ్‌లో ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. వెర్నా తల్లి మేవిస్ ఏడాది కిందట పోయింది. మేవిస్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ముసలి హనోరా ఆమెతో అనేదట: ఇక్కడి మట్టి వెచ్చగా ఉంటుందే, అందులో నాకు నిద్ర పట్టదు. కానీ ఆవిణ్ణి ఆ వెచ్చని మట్టిలోనే పెట్టారు. ఆవిడ బదులు నేను వెళ్లి పడుకుంటాను అని మేవిస్ జీవితమంతా అంటూ ఉండేదట. అందుకని వెర్నా తల్లి చితాభస్మం చెక్కపెట్టెలో పెట్టుకుని జూన్‌లో వస్తానంది. మీ సమాధిలో చోటిస్తారా అని అడిగింది. వచ్చే ఏడు ఒక రాయి చెక్కించి, హనోరాతో సహా మా అందరి పేర్లూ దాని మీద వేయిస్తానంది.

ఊనా నన్ను అడగను కూడా అడగలేదు. "చోటేమిటే పిచ్చిదానా, అది మీ ఇల్లే" అంది.

నేను లేచి గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాను.

ఈ సంగతి పబ్‌లో చెప్పింది నేనే, ఏదో ఒకటి చెప్పాలి గనక. ఫింటన్ డీన్ నాతో బడికి వచ్చినవాడు. నోటికి తాళం లేనివాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"ముందు వంశవృక్షం గీస్తార్రా కోల్మన్. ఆ తర్వాత, ఆ చెట్టు కింద మేస్తున్న గొర్రెలు ఎవరివి అని అడుగుతారు. మీ పొలం ఎవరి పేరు మీదుంది?"

అందరూ నవ్వారు. ఎందుకంటే అందరికీ తెలుసు. మా గోర్టబ్రాక్‌లో సగం పొలాలు చచ్చినవాళ్ల పేర్ల మీదే ఉంటాయి. నా పొలం ఇప్పటికీ మా తాత పేరు మీద ఉంది. మార్పించాలని నాన్న అనుకున్నాడు, పోయాడు. నేను అనుకున్నాను, ఊరుకున్నాను. ఇప్పుడు ఒక మనిషి భూమి అవతలి అంచు నుంచి వస్తోంది, ఉమ్మి రుజువుతో. పైగా రాయి పాతుతానంటోంది. మా పాత సమాధుల మీద చెక్కిన రాళ్లుండవు. సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చిన తెల్లరాళ్లు పెడతాం, ఎవరిది ఏదో ఆ ఇంటివాళ్లకి తెలుస్తుంది, అంతే. అలాంటి చోట రాతి మీద పేరంటే నా లెక్కలో రిజిస్టరు కంటే గట్టి సాక్ష్యం. సమాధిలో చోటున్నవాడికి గడపలో చోటుంటుందని మా ముసలివాళ్ల మాట. ఆ మాట నాలో తిరుగుతూనే ఉంది. మే నెలంతా టర్ఫ్ కోశాను, కోసింది కోసినట్టు వానలో నానింది, నేనూ దాంతో పాటే నానాను.

వెర్నా వచ్చింది. దొరసానిలా ఉంటుందనుకున్నాను. చూస్తే పొట్టి మనిషి, ఎండకి పగిలిన చేతులు, నా చేతుల్లాంటివే. చెవులు చూసి ఉలిక్కిపడ్డాను. మా నాన్న చెవులు.

ఊనా ఆ పెట్టెని గిన్నెల అలమరలో నీలం పళ్లేల మధ్య పెట్టి కొవ్వొత్తి వెలిగించింది. హనోరాకి బతికుండగా చేసిన జాగారానికి ఇది బదులట. ఊరు ఊరంతా వచ్చింది. టీ, హామ్ శాండ్‌విచ్‌లు, జపమాల. ఒక్కొక్కళ్లూ వెర్నా చెయ్యి పట్టుకుని "మీ కష్టానికి విచారిస్తున్నామమ్మా" అన్నారు, మామూలు శవానికి అన్నట్టే. ఫింటన్ కూడా టోపీ తీసి పెట్టె మీద చెయ్యి ఆనించి ప్రార్థన చెప్పుకున్నాడు. డొమినిక్ గింటీ కూడా వచ్చాడు. ఎనభైకి దగ్గర పడ్డ బ్రహ్మచారి, గింటీల్లో ఆఖరివాడు, ఒకప్పుడు ఊనాతో నాట్యమాడేవాడని చెప్పుకుంటారు. పెట్టెని ఎత్తి చూసి, "ఇంత తేలికైన శవాన్ని నేనెప్పుడూ మొయ్యలేదమ్మా. మీ అమ్మ మమ్మల్ని కష్టపెట్టకూడదనుకుంది" అన్నాడు. వెర్నా ఏడుస్తూనే నవ్వింది.

శనివారం ఫాదర్‌ని పిలిచి, ఊళ్లోవాళ్లందరితో కలిసి పెట్టెని తీసుకెళ్దామని ఊనా అంది. నేను వద్దన్నాను. ఫాదర్ ఊళ్లో లేడు, శనివారానికి తుఫాను అన్నారు, గురువారమే మేలు అన్నాను. గురువారం పశువుల సంత. ఊళ్లో మగవాడు ఉండడు. ఊనా ఇసుకలో నడవలేదు. ఇవన్నీ నేను వరసగా ఆలోచించి పెట్టుకున్నవే. బుధవారం సాయంత్రం టర్ఫ్ చూసొస్తానని కొడవలి తీసుకుని బయల్దేరాను.

మా సమాధుల తోట సముద్రం పక్కన ఇసుక దిబ్బ మీద ఉంటుంది. మా లవెల్ కుటుంబానిది దిబ్బ నెత్తిన, తెల్లరాళ్ల దగ్గర. మా అమ్మా నాన్నా, తాతా నానమ్మా అక్కడే. నేను అటు వెళ్లలేదు. గేటు దాటి ఎడమకి, కిందికి దిగాను. గోడ వార, నడుమెత్తు దురదగొండి పెరిగిపోయిన చోటు ఒకటుంది. గింటీల మూల. డొమినిక్ తల్లిని పెట్టాక అక్కడ ఎవరూ పార పెట్టలేదు. తనని కొత్త శ్మశానంలోనే పెట్టండి, ఆ అడవిలోకి నా శవాన్ని కూడా తీసుకెళ్లొద్దు అని డొమినిక్ అందరి ముందూ అంటూ ఉండేవాడు. ఇక ఆ నేలని తెరిచేవాడు లేడని నా ధైర్యం. దురదగొండి అంతా కోసి, రాళ్లు సర్ది, చూడటానికి ఒక కుటుంబం కనిపెట్టుకుని ఉన్న చోటులా తయారుచేశాను.

మర్నాడు వెర్నా అక్కడ నిలబడి "ఇదేనా?" అంది.

"ఇదే" అన్నాను.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుంది. నేను పచ్చిక పెళ్లలు కోసి పక్కన పెట్టి, మోచేతి లోతు తవ్వాను. ఆవిడ ఆ గోతిలో చెయ్యి పెట్టి అట్టే ఉంచింది. కాసేపటికి నా వైపు తిరిగింది. మొహమంతా వెలుగు.

"చల్లగా ఉంది" అంది. "కోల్మన్, ఎంత చల్లగా ఉందో చూడండి."

నేను చూడలేదు. పెట్టె దించి ఇసుక కప్పాను, పెళ్లలు పరిచి కాలితో తొక్కాను. ఇంటి మగవాడు ప్రార్థన చెప్పాలంది. పరలోక జపం మొదలుపెట్టి, మధ్యలో ఒక వాక్యం మింగేశాను. వెర్నా గమనించలేదు. లేచి నన్ను కావలించుకుంది. నాకు తెలిసి మా అమ్మ పోయాక నన్ను ఎవరూ అలా పట్టుకోలేదు.

ఇంటికి రాగానే ఊనా అడిగింది. "మా అమ్మ పక్కనే పెట్టావా?"

"ఆ."

"ఎటు పక్క?"

"సముద్రం వైపు."

అబద్ధానికి కూడా దిక్కులు చెప్పాల్సి వస్తుందని అంతకు ముందు తెలియదు.

వెర్నా వెళ్లిపోయాక నాకు నిద్ర వస్తుందనుకున్నాను. రాలేదు. జూలైలో ఇక లాభం లేదని బెల్ముల్లెట్ పట్నం వెళ్లి లాయరు దగ్గర కూర్చున్నాను. ఆస్ట్రేలియా నుంచి ఒకావిడ వచ్చింది, మా తాత మేనత్త వంశం, పొలం మీదకి వస్తుందా అన్నాను. ఆయన నవ్వాపుకోలేక నీళ్లు తాగాడు. ఆవిడకి మీ పొలంలో గడ్డిపరక కూడా రాదయ్యా, అసలు అలాంటి ఆలోచన ఎవరు పెట్టారు నీ బుర్రలో అన్నాడు. తర్వాత ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. చెప్పాను.

"మీ తాత వీలునామా లేకుండా పోయాడు. ఆ పొలంలో వాటా అడగదగ్గ మనిషి ఎవరైనా ఉంటే మీ అత్త. ఆయన కన్నకూతురు. ఎప్పుడూ అడగలేదా?"

అడగలేదు. పన్నెండేళ్లుగా నా ఇంట్లో చుట్టంలా ఉంటూ, నాకు భారమయ్యాననుకుని, పింఛను రాగానే బొగ్గుకీ టీపొడికీ తనే ఇస్తూ వచ్చింది. వాటా వద్దని ఆవిడ చేత ఒక సంతకం పెట్టించుకో, పనైపోతుంది అన్నాడు లాయరు. ఇంటికి వచ్చేసరికి ఊనా నా తడిసిన మేజోళ్లు పొయ్యి మీద ఆరేసి ఉంది. లాయరు దగ్గరికి వెళ్లానని చెప్పలేదు. సంతకం అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను.

ఆగస్టులో సమాధుల ఆదివారం వచ్చింది. ఏడాదికోసారి ఆ రోజు ప్రతి ఇంటివాళ్లూ తమ సమాధి దగ్గర నిలబడతారు, ఫాదర్ ఒక్కో దాని మీదా తీర్థం చల్లుతూ నడుస్తాడు. ఊనా గేటు దగ్గర కారులోనే కూర్చుని, తలుపు తీసుకుని చూస్తానంది. ట్యాబ్ నా చేతికిచ్చింది. వెర్నాకి అక్కడ అర్ధరాత్రయినా మేలుకుని ఉంటుందట, తల్లి సమాధికి తీర్థం పడటం చూడాలట.

నేను మా తెల్లరాళ్ల దగ్గర నిలబడితే వెర్నాకి తెలిసిపోతుంది. గింటీల మూలలో నిలబడితే ఊరికి తెలిసిపోతుంది. గోడ దగ్గర సిగ్నల్ బాగుంటుందని పక్కవాళ్లతో అని, ట్యాబ్ గుండెలకి హత్తుకుని కిందికి దిగాను.

అక్కడ డొమినిక్ ఉన్నాడు. ఇస్త్రీ కోటు, చేతిలో టోపీ, తల్లి సమాధి కాళ్లవైపు, సరిగ్గా మేవిస్ మీద. నన్ను చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వేనట్రా ఇది. బుధవారం సాయంత్రం నువ్వు కొడవలితో వెళ్లడం చూశామన్నారు. నాకు చేతకాక మా అమ్మని దురదగొండిలో వదిలేశాను. నువ్వు చెప్పకుండా వచ్చి, కోసి, ఎవరికీ చెప్పకుండా పోయావు. నీ గురించి ఊళ్లో ఏమన్నా, నేను నమ్మనురా ఇకమీద."

"పోనీలే డొమినిక్" అన్నాను.

"పోనివ్వను. కొత్త శ్మశానం వద్దని లీడ్స్‌లో మా మేనకోడలికి ఫోన్‌లో చెప్పేశాను. ఇంత శుభ్రంగా ఉంటే మా అమ్మ దగ్గరే పడుకుంటాను."

అప్పుడే ట్యాబ్‌లో వెర్నా కనబడింది. గాలికి మాట సరిగా వినబడటం లేదు. డొమినిక్‌ని గుర్తుపట్టి చెయ్యి ఊపింది, అమ్మకి తోడుగా నిలబడినందుకు మీకు రుణపడి ఉంటాను అని అరిచింది. డొమినిక్‌కి సగమే వినబడినట్టుంది. తన తల్లి గురించే అనుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఆ పలకకి వంగి దణ్ణం పెట్టాడు. ఫాదర్ వచ్చి ముగ్గురి మీదా తీర్థం చల్లాడు. పైనుంచి వాన తన వంతు చల్లుతూనే ఉంది. నేను కాళ్ల కిందికి చూశాను. పెళ్లల మధ్య గీతలు కూడా లేవు. ఆ తడికి పచ్చిక ఎప్పుడో అల్లుకుపోయింది. అడుగున ఏముందో ఎవరికీ తెలియదు.

సెప్టెంబరులో ఒక శనివారం డొమినిక్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పక్కన టీ చల్లారి ఉంది.

మా దగ్గర సమాధి తవ్వేది ఇరుగుపొరుగు. అయినవాళ్లు పార ముట్టుకోరు. సోమవారం నేల తెరవకూడదు, అరిష్టం. మంగళవారం అంత్యక్రియలైతే ఆదివారమే పూజ అయ్యాక వెళ్లి ఒక్క పెళ్ల తిరగేసి వస్తారు, పని ఆదివారమే మొదలైందన్నట్టు. గింటీల మూల శుభ్రం చేసినవాణ్ణి గనక నేను లేకుండా ఎలాగ అన్నారందరూ. ఫింటన్ తలవైపు, గోడ దగ్గర పెళ్ల తిరగేశాడు. మేవిస్ కాళ్లవైపు ఉంది. డొమినిక్ పొట్టివాడు. అతని కాళ్లు అక్కడిదాకా రావని లెక్క వేసుకున్నాను. చచ్చినవాడి కొలత తీసుకుంటూ జాగారం ఇంట్లో శాండ్‌విచ్ నమిలాను. ఆ పెట్టె ముందే తీసేసే వ్యవధి నాకుంది. సమాధి మొదలెట్టాక ఒంటరిగా దాని దగ్గరికి పోకూడదు అనుకున్నాను. అది సాకు. అసలు సంగతి భయం.

సోమవారం ముగ్గురం దిగాం. నేను, ఫింటన్, అతని తమ్ముడు లూక్. తుంపర పడుతోంది. నేను కాళ్లవైపు నిలబడతానన్నాను. పెట్టె కనబడితే ఇసుకలో కలిపేసి పైకి తోసేద్దామని. కానీ అది ఇసుక దిబ్బ. నడుము లోతు దిగేసరికి పక్కలు జారతాయి. నా వైపు గోడ ఉన్నట్టుండి విరిగి పడింది. ఆ ఇసుకతో పాటు పెట్టె కూడా దొర్లుకుంటూ వచ్చి ఫింటన్ బూటు దగ్గర ఆగింది.

ఫింటన్ వంగి తీశాడు. మోచేత్తో తుడిచాడు. ఆ చెక్క రంగు మా వైపు చెట్లలో ఉండదు. దాని మీద చెయ్యి ఆనించి ప్రార్థన చెప్పినవాడే అతను. లూక్ టోపీ తీశాడు. ఫింటన్ తలెత్తి దిబ్బ నెత్తిన మా తెల్లరాళ్ల వైపు చూశాడు, తర్వాత నా వైపు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"కోల్మన్" అన్నాడు. "పబ్‌లో నేనన్నది నవ్వులాటకిరా."

 అతను పెట్టెని నా చేతుల్లో పెట్టాడు.

"పట్టుకో. తడవనీకు."

నా పార తీసుకుని గోతిలోంచి పైకెక్కి దిబ్బ మీదికి నడిచాడు. ఈరోజు సోమవారం కదా అన్నా అని లూక్ నసిగాడు. ఆవిడ సమాధి జూన్‌లోనే తెరిచాం, ఇంకా మూయలేదు అనుకో అన్నాడు ఫింటన్ వెనక్కి తిరక్కుండానే. నేను పెట్టెని కోటులో చుట్టుకుని వాళ్ల వెనకాల వెళ్లాను. ఎక్కడ అని మాత్రం అడిగాడు. సముద్రం వైపు అన్నాను. ఎందుకు అని అడగలేదు. నానమ్మ పక్కన మేవిస్‌ని దించాం. ఈసారి నేను గోతిలో చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

మళ్లీ కిందికి వచ్చి డొమినిక్ పని పూర్తిచేశాం. తవ్వినవాళ్లకి ఇంటివాళ్లు పంపే విస్కీ గోడ మీద ఉంది. ఫింటన్ మూడు కప్పుల్లో పోశాడు. నా కప్పులో కూడా వాళ్లకి పోసినంతే పోశాడు. అది తాగడం నాకు చాలా కష్టమైంది. ఆ రోజు నుంచి ఇప్పటివరకూ ఆ అన్నదమ్ములు ఈ మాట ఎక్కడా ఎత్తలేదు. పబ్‌లో ఫింటన్ నా మీద జోకులు వేయడం మానేశాడు. అందరి మీదా వేస్తాడు, నా మీద వేయడు.

మంగళవారం ఊనా తానూ వస్తానంది. డొమినిక్‌ని కిందికి దించడం చూడకపోతే వాడు నన్ను క్షమించడురా అంది. వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి ఫింటన్, లూక్, నేను మోసుకెళ్లాం. వాన వెలవలేదు. గింటీల మూలలో ప్రార్థనలయ్యాయి, ఇసుక పడింది, ఊనా ఒక పిడికెడు తనే వేసింది. జనం కదులుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడిదాకా వచ్చాను కదా. మన వాళ్ల దగ్గరికి తీసుకెళ్లు. మేవిస్‌ని చూస్తాను."

కుర్చీ ఎత్తాం.  దిబ్బ ఎక్కి తెల్లరాళ్ల పక్కన దించాం. ఊనా తల్లికి, తండ్రికి, అన్నకి, వదినకి పేరుపేరునా శిలువ గుర్తు వేసుకుంది. తర్వాత సముద్రం వైపు చూసింది. నిన్న పరిచిన పెళ్లలు. నేను ఎంత తొక్కినా అంచులు పైకి లేచే ఉన్నాయి. ఊనా పొలం మీద పుట్టిన మనిషి. జూన్‌లో పరిచిన పచ్చిక సెప్టెంబరుకి ఎలా ఉంటుందో తెలుసు. చేతికర్ర మొన ఒక పెళ్ల కింద పెట్టి మెల్లగా ఎత్తింది. చాపలా లేచింది. అడుగున వేరు లేదు, తెల్లటి తడి ఇసుక.

ఫింటన్ సముద్రాన్ని చూస్తున్నాడు. లూక్ బూట్లు చూసుకుంటున్నాడు. ఊనా దిబ్బ కింద గింటీల మూలలో ఉన్న కొత్త ఇసుక కుప్పని చాలాసేపు చూసింది. తర్వాత ఆ పెళ్లని మళ్లీ దాని చోట పెట్టి, కర్రతో అంచు నొక్కింది.

"ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువైపోయాయి కదా ఫింటన్" అంది. "పచ్చిక ఎలా అతుక్కుంటుంది."

ఆ వేసవి మా ఊళ్లో ఒక్క టర్ఫ్ గడ్డ ఆరలేదు. ఫింటన్ టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అవును ఊనమ్మా" అన్నాడు. "నేల బీటలు వారిపోయింది."

కుర్చీ ఎత్తాం. గేటు దాకా మోసుకొచ్చాం. కారు తలుపు తీసి, కాళ్లు లోపల సర్ది, దుప్పటి కప్పుతుంటే నా తడి చొక్కా కాలరు సరిచేసింది.

"వచ్చే ఏడు ఆ పిల్ల రాయి తీసుకుని వస్తుంది. గేటు దగ్గర కిందికి కాదు, పైకి అని తనకి దారి నువ్వే చెప్పాలి" అంది. "ఈసారి నేనూ వస్తాను."